ట్యూబు మందు మాటున పోతున్న సాక్ష్యం

పాశమైలారంలో, గడ్డపోతారంలో, బొల్లారంలో షిఫ్టు వదిలే వేళ మెడికల్ షాపుల ముందు తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘‘దురదకు ట్యూబు ఇవ్వన్నా.’’ దురద ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏం పని చేస్తావు అని అడిగేవాళ్లు ఉండరు. ఒక ట్యూబు చేతికొస్తుంది, నాలుగు రోజులు మంట తగ్గుతుంది, నెల తిరక్కుండా మచ్చ మరింత వెడల్పయి మళ్లీ కనిపిస్తుంది. దీన్ని మనం పేదవాడి అలవాటుగానో, అజ్ఞానంగానో కొట్టిపారేస్తాం. ఇందులో పెద్ద నష్టం మరొకటి ఉంది. పారిశ్రామిక వాడలో చర్మవ్యాధి నిపుణుడి దాకా చేరని ప్రతి దురదతోనూ ఆ జబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పగలిగిన ఒకే ఒక్క కాగితం పుట్టకుండా పోతోంది. కార్మికుడి చర్మం గురించి చట్టంలో రాసిపెట్టిన హక్కులన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం. మన షాపుల్లో ఎక్కువగా చేతులు మారే దురద మందుల్లో ఫంగస్‌ను చంపే మందు, బ్యాక్టీరియాను చంపే మందు, వాటితో పాటు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ కలిసే ఉంటాయి. జబ్బేదో తెలియకపోయినా ఏదో ఒకటి తగలకపోతుందా అన్న లెక్క ఇది. స్టెరాయిడ్ చేసే పని శరీరం చూపే ప్రతిఘటనను అణచడం. ఎరుపు, వాపు, దురద వెంటనే తగ్గేది అందుకే. వచ్చింది తామర అయితే, అణిగింది ఫంగస్ కాదు, దానితో పోరాడే శక్తి. గుండ్రటి అంచు చెరిగిపోయి జబ్బు రూపం మారిపోతుంది, ఆ తర్వాత చూసిన డాక్టరు కూడా సులువుగా పోల్చుకోలేరు. నెలల తరబడి రాస్తే గజ్జల్లో, తొడల మీద చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. ఈ దుర్వినియోగం మీద దేశంలోని చర్మవ్యాధి నిపుణులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి చేర్చింది. జాబితా మారింది కానీ షాపు కౌంటరు మారలేదు. ఈలోగా ఫంగస్‌ను చంపే టెర్బినఫైన్ అనే మందుకు లొంగని తామర ఒకటి మన దేశమంతా పాకింది. దాని ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. పేరులోనే మన దేశం ఉంది. 2023లో న్యూయార్క్‌లో కూడా బయటపడింది. ఇంత మొండికెత్తడంలో ఇష్టారాజ్యంగా రాసుకున్న ట్యూబుల పాత్ర పెద్దదని నిపుణుల అనుమానం.

అయితే దురదంతా తామర కాదు, పారిశ్రామిక వాడలో అసలే కాదు. బల్క్ డ్రగ్ కంపెనీలో రోజంతా సాల్వెంట్ తగిలే చేతులకు చర్మం మీది సహజమైన నూనె పొర కరిగిపోతుంది. పగిలి, మండి, నెత్తురు చిమ్మే ఆ స్థితి ఫంగస్ కాదు, అలర్జీ కూడా కాదు, రసాయనం చేసిన గాయం. అదే చోట మందు పొడి పడి నెలల తర్వాత మొదలయ్యేది అలర్జీ. ఒకసారి పట్టుకుంటే చిటికెడు పొడికి కూడా ఒళ్లంతా లేస్తుంది. రక్షణ కోసం తొడిగిన రబ్బరు గ్లౌజుల్లో కలిపే రసాయనాలకే అలర్జీ వచ్చేవాళ్లుంటారు. వాళ్లకు గ్లౌజు తొడుగు అని హితవు చెప్పడమంటే జబ్బు పెంచుకోమనడమే. అమీన్‌పూర్, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీల చేతులకు సిమెంటులోని క్రోమియం శత్రువు. ఒకే గదిలో ఎనిమిది పది మంది వంతులవారీగా పడుకునే బిహార్, ఒడిశా కార్మికులకు గజ్జి. అందులో ఒక్కడికి మందు రాసి లాభం లేదు, గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాలి దాకా పర్మెత్రిన్ రాసుకుని, వారానికి మళ్లీ రాసుకోవాలి. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కుష్ఠు కావచ్చు. తగిలిన వస్తువు వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్‌కు స్టెరాయిడ్ సరైన మందు, తామరకు అదే స్టెరాయిడ్ విషం. ఈ తేడాను కౌంటరు ఇవతలి నుంచి చూపు విసిరి చెప్పగలిగినవాడు లేడు. కాస్త పొలుసు గీకి మైక్రోస్కోపు కింద చూడాలి, లేదా వీపు మీద అనుమానిత పదార్థాలను పట్టీలుగా అంటించి 48 గంటల తర్వాత ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చదవాలి. ఈ ప్యాచ్ టెస్టే అసలు కీలకం.

ఎందుకంటే జబ్బు పని వల్లే వచ్చిందా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్, సీసపు విషం లాంటి జబ్బులతో పాటు రసాయనాలు, రంగులు నేరుగా తగలడం వల్ల వచ్చే డెర్మటైటిస్ కూడా ఉండేది, క్రోమియం పుండ్లూ ఉండేవి. అలాంటి రోగిని చూసిన అర్హత గల వైద్యుడు, అనుమానం ఉన్నా చాలు, చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 89వ సెక్షన్ చెప్పింది. తెలపకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఈ బాధ్యత కొనసాగుతోంది. ఇక్కడ ‘అర్హత గల’ అన్న మాటే ప్రాణం. వైద్య పట్టా లేని ఆర్‌ఎంపీ గానీ, షాపు కుర్రాడు గానీ ఎంత అనుభవజ్ఞుడైనా ఆ నివేదిక రాయలేడు. డబ్బు లెక్క కూడా ఉంది. ఈఎస్ఐ కింద మామూలు అనారోగ్యానికి దక్కేది జీతంలో 70 శాతం. పని వల్ల వచ్చిన జబ్బని తేలితే తాత్కాలిక వైకల్య భత్యం 90 శాతం. ఆ 20 శాతం తేడా రోగ నిర్ధారణలోనే ఉంది.

ఊరికే కాగితాలు పోగేస్తే ఏమొస్తుందని అడగవచ్చు. సిమెంటు కథే జవాబు. మేస్త్రీల చేతుల అలర్జీకి క్రోమియమే కారణమని ఐరోపా చర్మవైద్యులు ప్యాచ్ టెస్టులతో ఏళ్ల తరబడి నమోదు చేశారు. డెన్మార్క్ 1980లలోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపించి ఆ క్రోమియాన్ని నిర్వీర్యం చేసింది. 2005 నుంచి ఐరోపా సమాజమంతటా పది లక్షల పాళ్లలో రెండు పాళ్లకు మించి కరిగే క్రోమియం ఉన్న సిమెంటు అమ్మడానికి వీల్లేకుండా పోయింది. అక్కడ మేస్త్రీలకు ఎవరూ మంచి ట్యూబు కనిపెట్టి ఇవ్వలేదు, సిమెంటునే మార్చారు.

ఈ వాడలున్న పటాన్‌చెరు ప్రాంతంలో దీనికి వచ్చే గట్టి అభ్యంతరం వేరే ఉంది. అసలు దోషం కాలుష్యానిది, ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఇక్కడి నక్కవాగును చంపినవాళ్లను వదిలేసి ఆసుపత్రి గొడవ ఎందుకు అన్నది. ఆ కోపానికి చరిత్ర ఉంది. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేల్చి ప్రపంచాన్ని నివ్వెరపరిచారు. ఆ అధ్యయనం అంత బలంగా తగలడానికి కారణం అందులోని అంకె. ఫలానా మందు, ఫలానా చోట, ఇంత. చర్మం విషయంలో మన దగ్గర అలాంటి అంకె లేదు. ‘‘ఊరంతా దురదలే’’ అన్న ఫిర్యాదు మాత్రం ఉంది. ఫిర్యాదును కంపెనీ తరఫు వకీలు ఒక్క మాటలో తోసేస్తాడు: చెమట, అపరిశుభ్రత, ఇరుకు గదులు. కొన్నిసార్లు అతను చెప్పేది నిజం కూడా కావచ్చు. వాగులోని సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాను మొండిగా చేయగలదు గానీ తామర ఫంగస్‌ను చేయలేదు. అన్నిటినీ కాలుష్యం ఖాతాలో వేస్తే, నిజంగా రసాయనం వల్ల వచ్చిన కేసు కూడా ఆ గుంపులో కలిసి బలహీనపడుతుంది. తామరను తామరగా, గజ్జిని గజ్జిగా విడదీశాకే మిగిలింది ఫ్యాక్టరీ మెడకు చుట్టుకుంటుంది.

డాక్టర్లెక్కడున్నారు, టైమెక్కడుంది అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. ప్యాచ్ టెస్టంటే దాదాపు వారం పాటు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. బాయిలరు దగ్గర పనిచేసేవాడికైతే వారం కూలి పోయినట్టే. కాబట్టి కార్మికుణ్ణి నిందించడం అన్యాయం, ఏర్పాటును నిలదీయాలి. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. పెద్ద భవనాలేమీ అక్కర్లేదు. పారిశ్రామిక వాడలో వారానికి రెండు సాయంత్రాలు, షిఫ్టు వదిలాక, చర్మవ్యాధి నిపుణుడు కూర్చునే గది ఒకటి, మైక్రోస్కోపు ఒకటి, పరీక్ష జరిగే వారానికి జీతం కట్ కాకుండా ఒక ఉత్తర్వు చాలు. ఆర్‌ఎంపీలను దొంగ వైద్యులని తరిమేయడం కంటే, రెండు వారాల్లో తగ్గని మచ్చను ఆ గదికి పంపే బాధ్యత వాళ్లకు అప్పజెప్పడం తెలివైన పని. అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే కదా.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం కార్మికుడిది. డెర్మటైటిస్ అని రాసిచ్చిన చీటీ సూపర్‌వైజర్ చేతిలో పడితే రేపటి నుంచి పనికి రావొద్దంటాడు. ఈ భయం నిజం, దాన్ని సర్దిచెప్పి దాటేయలేం. ఈఎస్ఐ చికిత్సలో, భత్యంలో ఉన్న కాలంలో తొలగించకూడదన్న రక్షణను 1948 నాటి ఈఎస్ఐ చట్టమే ఇచ్చింది. కానీ కాంట్రాక్టు కూలీని ఎవరూ తొలగించరు, పిలవడం మానేస్తారు. అందుకే నివేదిక రోగి చేతుల మీదుగా కంపెనీకి వెళ్లకూడదు. చట్టం చెప్పినట్టే డాక్టరు నుంచి నేరుగా ఇన్‌స్పెక్టరుకు వెళ్లాలి; తనిఖీ ఫలానా మనిషి పేరు మీద కాకుండా ఫ్యాక్టరీలోని ఫలానా బ్లాకు మీద జరగాలి. ఒకే బ్లాకు నుంచి ఏడాదిలో ఐదు కేసులొస్తే, ఆ ఐదుగురు ఎవరన్నది ఇన్‌స్పెక్టరుకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. అక్కడ ఏ సాల్వెంట్ వాడుతున్నారు, గ్లౌజులు దేనితో చేసినవి, చేతులు కడుక్కోవడానికి నీళ్లున్నాయా లేక అదే సాల్వెంట్‌తో కడుక్కుంటున్నారా అన్నదే అడగాల్సింది.