కాయకు చిక్కం, మనిషికి జాగ్రత్త

బంగినపల్లి కోతలు మొదలయ్యాయి. మైలవరం నుంచి రెడ్డిగూడెం వెళ్లే దారిలో తెల్లారకముందే ట్రక్ ఆటోలు ఎదురవుతున్నాయి. ఒక్కో బండిలో పన్నెండు పదిహేను మంది. కాళ్ల సందున ప్లాస్టిక్ ట్రేలు, మంచినీళ్ల క్యాన్లు, అన్నం క్యారేజీలు. దోటీలు బండి వెనక బారెడు బయటికి ఊగుతుంటాయి.

ఆ దోటి చివర కట్టిన చిక్కాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పైన ఇనప కొక్కెం, దాని కింద తాడుతో అల్లిన చిన్న వల. కాడను కొక్కేనికి తగిలించి లాగితే కాయ వలలో పడుతుంది. నేల మీద పడితే ఆ పూటకు ఏమీ తెలియదు. మూడో రోజుకి దెబ్బ తగిలిన చోట నల్లగా కమిలిపోతుంది. అందుకే ఆ వల. కాడ కూడా మొదలంటా ఊడకూడదు. అంగుళమున్నర ఉంచి కొయ్యాలి, లేదంటే సొన కారి తొక్క మీద చార పడుతుంది, నున్న మార్కెట్లో ఆ కాయను పక్కన పెట్టేస్తారు. కొమ్మ మీద నుంచి గంప దాకా కాయకు ఎక్కడ దెబ్బ తగులుతుందో, ఎందుకు తగులుతుందో, ఏం చేస్తే తగలదో మనకు అంత బాగా తెలుసు. ఎవరూ రాసిపెట్టకపోయినా తరాలుగా ఆలోచించి చేసుకున్న ఏర్పాటు అది. ఆ ఆలోచన చెట్టెక్కిన మనిషి దాకా ఎందుకు రాలేదన్నదే ఈ వారం నా బాధ.

ఇరవై ఏళ్ల కిందట మా తోటలో ఒకతను కొమ్మ విరిగి పడ్డాడు. నడుం విరిగింది. ఆస్పత్రి వరండాలో అతని భార్యతో నేనన్న మొదటి మాట, "జాగ్రత్తగా ఎక్కమని చెప్పానమ్మా" అని. చెప్పిన మాట నిజమే. కానీ వారం పోయాక తోటకు వెళ్లి విరిగిన కొమ్మను చూశాను. మొదట్లో బొటనవేలు దూరేంత కన్నం, కింద రంపపు పొట్టులాంటి పొడి. కాండం తొలిచే పురుగు లోపలంతా డొల్ల చేసింది. ఆ పొట్టు ఒక్క రోజులో రాలింది కాదు. నెలల తరబడి అక్కడే ఉంది, నేను దాని పక్కనుంచే నడిచాను. డొల్ల కొమ్మ మీద మనిషి ఎంత జాగ్రత్తగా నిలబడితే మాత్రం ఏం లాభం? ఆ రోజు నేను చెప్పిన జాగ్రత్త అతన్ని కాపాడటానికి పనికిరాలేదు, తప్పును అతని మీదకి తోయడానికి పనికొచ్చింది.

పెద్ద ఫ్యాక్టరీల్లో దీనికొక పద్ధతి ఉంది. పనిని అంచెలంచెలుగా విడగొడతారు. ఒక్కో అంచె దగ్గర ఆగి, ఇక్కడ మనిషికి దెబ్బ ఎలా తగలొచ్చు అని అడుగుతారు. జవాబు దొరికాక వరుస ముఖ్యం. ముందు ఆ ప్రమాదాన్ని అసలు లేకుండా చేయగలమా? కుదరకపోతే పనిముట్టు మార్చగలమా? అడ్డు కట్టగలమా? వేళ మార్చగలమా? ఇవన్నీ అయ్యాక మిగిలిన దానికి హెల్మెట్, గ్లోవ్స్, చివరగా జాగ్రత్త. మన తోటల్లో ఆ వరుసలో చిట్టచివరి మాట ఒక్కటే పట్టుకుని మొత్తం పని నడిపేస్తున్నాం.

ఫ్యాక్టరీల్లోనూ ఈ పద్ధతి కాగితం మీదే ఉండిపోతే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని పోరస్ ల్యాబొరేటరీస్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందులో నలుగురు బిహార్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. అయినా ఫ్యాక్టరీకి ఎప్పటినుంచో చట్టమంటూ ఉంది, వెళ్లి అడిగే ఇన్‌స్పెక్టరుంటాడు. తోటలోకి వచ్చి ఈ కొమ్మ ఎవరు చూశారు అని అడిగేవాళ్లెవరు?

కోత పనినే ఆ పద్ధతిలో చూద్దాం. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కరెంటు తీగ. బోర్లకు కరెంటిచ్చే లైన్లు తోటల మధ్యగానే పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చే లైన్లో ఉండేది పదకొండు వేల వోల్టులు. స్తంభాలు పాతినప్పుడు మొక్కలు మోకాలెత్తు ఉండి ఉంటాయి. ఇప్పుడు కొమ్మలు తీగను దాటిపోయాయి, తీగేమో ఎండకు సాగి కిందికి జారింది. కోసేవాడి చూపు కాయ మీద ఉంటుంది, ఆకుల చాటున తీగ కనపడదు. పైగా వెదురు దోటి బరువని ఈ మధ్య అల్యూమినియం గొట్టాలు తెస్తున్నారు. తేలికే, చెయ్యి నొప్పి పుట్టదు. కానీ ఆ గొట్టం తీగకు తగిలితే మనిషికి ఒక్క క్షణం కూడా మిగలదు. మంచుకు తడిసిన వెదురునూ నమ్మలేం. ఇక్కడ జాగ్రత్త చెప్పి ఊరుకోవడం మహాపాపం. తీగ కింద వరుసలు కోసే రోజు ముందే సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను తీయించుకోవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే 1912కి ఫోన్ చేయొచ్చు. లైను తీశారని లైన్‌మన్ నోటితో చెప్పేదాకా ఆ వరుసలోకి దోటి వెళ్లకూడదు.

ఎత్తు సంగతికొస్తే, అసలు మందు కోతలయ్యాక ఉంది. కాపు దిగిన వెంటనే, జూలై, ఆగస్టుల్లో, చెట్టు నడినెత్తి తెరిచి పై కొమ్మలు తగ్గించమని ఉద్యానశాఖ వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాళ్లు కాపు కోసం, వెలుతురు కోసం చెబుతారు. నేను మనిషి కోసం కూడా చెబుతాను. నేల మీద నిలబడి దోటితో అందే చెట్టు నుంచి ఎవరూ పడరు. తాతలనాటి పెద్దరసం చెట్టును కత్తిరించాలంటే చెయ్యి రాదు, నిజమే. ఒక్క ఏడాదిలో అంతా చేయక్కర్లేదు, రెండు మూడేళ్లలో మెల్లగా దించుకోవచ్చు.

పూత మీద మందు కొట్టేటప్పుడు కూడా ఇంతే. పత్తి చేలో మందు నడుం ఎత్తున పోతుంది. మామిడికి తలపైకి కొడతాం, ఆ తుంపర తిరిగి కొట్టినవాడి మొహం మీదకే దిగుతుంది. డబ్బా మీద త్రికోణం ఎర్రగా ఉంటే అది అన్నిటికన్నా విషమని అర్థం. ఆ తర్వాతివి పసుపు, నీలం, ఆకుపచ్చ. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. గాలికి ఎదురు కొట్టకపోవడం, ఎర్ర డబ్బా బదులు తక్కువ విషమున్నది అడిగి కొనడం, ఈ రెండూ కూలివాడి చేతిలో లేవు. కొట్టే వేళ చెప్పేది, డబ్బా కొనేది మనం.

సాయంత్రం లోడు మీద ఎక్కి ఇంటికెళ్లడం అన్నిటికన్నా మామూలైపోయింది. 2024 సెప్టెంబరు 10 రాత్రి దేవరపల్లి మండలంలో జీడిగింజల మినీ లారీ తిరగబడి, బస్తాల కింద ఏడుగురు ఊపిరాడక పోయారు. 2025 జూలై 13న అన్నమయ్య జిల్లా రెడ్డిపల్లి చెరువుకట్ట మీద మామిడికాయల లారీ బోల్తా పడి తొమ్మిది మంది పోయారు. వాళ్లు కాయ కోసి, ఆ కాయల మీదే కూర్చుని వస్తున్నవాళ్లు. లోడుకొక బండి, మనుషులకొక బండి పెడితే పోయేది కొంత కిరాయి.

ఈ కిరాయి ఎవరివ్వాలన్న దగ్గరే అంతా ఆగిపోతోంది. పూత మీదే తోట గుత్తకిచ్చేశాడు కాబట్టి రైతు తనకు సంబంధం లేదంటాడు. గుత్తకు తీసుకున్న వ్యాపారి, మనుషులు మేస్త్రివాళ్లంటాడు. మేస్త్రి కూడా వాళ్లలాగే కూలికి వచ్చినవాడు. తోట కాగితంలో కాయ లెక్క, వాయిదాల లెక్క రాసుకుంటున్నాం కదా, తీగ కింద లైను తీయించే బాధ్యత ఎవరిది, ఇంటికి చేర్చే బండి ఎవరిది అని మరో రెండు వాక్యాలు రాసుకోలేమా? ఆ కాగితం మీద మొదటి సంతకం రైతుది. అందుకే రైతులతోనే మొదట మాట్లాడుతున్నాను.

మొన్న ఆదివారం మా తోటలో కోత. పని మొదలుకాకముందు ముఠాను గేటు దగ్గర ఆపి, ఈ తోటలో మీకు భయమున్న చోటేదో చెప్పమని అడిగాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఎవరైనా భయమని చెబితే పనికి పిలవరేమోనని వాళ్ల భయం. కాసేపాగి గంపలు మోసే ఒకామె, "పడమటి గట్టు దగ్గర పాడుబావి ఉందండి మాస్టారూ, గడ్డి కప్పేసింది. తలమీద గంపుంటే కింద కనపడదు. పోయినేడు నా కాలు అంచు దాకా పోయింది" అంది.

నేను పుట్టి పెరిగిన తోట అది. ఆ బావికి గట్టు లేదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందరం కలిసి వెళ్లి గడ్డి కోశాం, నాలుగు గుంజలు పాతి చుట్టూ తుమ్మకంప కట్టాం. ఏడున్నరైంది. ఆ తర్వాతే మొదటి చిక్కం పైకి లేచింది.