ఉదయగిరి దుర్గానికి కాలిబాట కావాలి

1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని ముట్టడించినప్పుడు గజపతుల సేనతో పాటు కొండ కూడా ఆయనకు ఎదురు నిలిచింది. కోటకు చేరడానికి ఉన్నది ఒకే దారి అనీ, అదీ మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలిగినంత ఇరుకు అనీ ఆ శతాబ్దంలోనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడు. కోట చేజిక్కడానికి ఏడాదిన్నర పట్టింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, దానికోసం గుడి కట్టించాడు.

ఆ కొండ ఎత్తు 3,079 అడుగులని పాత గెజిటీర్లు చెబుతాయి. మొత్తం పదమూడు కోటలు ఉండేవట, ఎనిమిది పైన, అయిదు కింద. ఇప్పుడు మిగిలింది కూలిన గోడలు, బురుజులు, గోల్కొండ కాలం నాటి మసీదు. ఇంత చరిత్ర ఉన్న కొండను చూడాలనుకునే వాళ్లు దారి తెలిసిన ఊరి మనిషి కోసం వెతుక్కోవాల్సి రావడం సరికాదు. వాళ్లు అడిగేది రోప్‌వే కాదు, పైదాకా తారు రోడ్డు అసలే కాదు. గుర్తులు పెట్టిన కాలిబాట, శిక్షణ పొందిన గైడు, ఎవరు ఎప్పుడు ఎక్కారో ఎప్పుడు దిగారో రాసిపెట్టే రిజిస్టరు ఉంటే చాలు.

పైగా ఉదయగిరి ఒంటరి కొండ కాదు. నెల్లూరు, కడప సీమల మధ్య గోడలా సాగే వెలిగొండల్లో అదొక శిఖరం. దక్షిణంగా వస్తే సోమశిల దగ్గర పెన్న ఆ కొండల్ని చీల్చుకుని మైదానంలోకి దిగుతుంది. ఆ తర్వాత పెంచలకోన. ఉదయగిరి నుంచి పెంచలకోన దాకా, మధ్యలో ఆత్మకూరు వైపు దిగే వీలుతో, నాలుగైదు రోజులు నడిచే దారి ఎందుకు ఉండకూడదు? అటవీశాఖ పూనుకోకుండా అది అయ్యే పని కాదు. ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది, పెంచలకోన చుట్టూ అభయారణ్యం ఉంది. కొత్త మనిషి అడవిలో కనబడితే అధికారులకు అనుమానం రావడం సహజమే. అయితే పేరు రాయించుకుని, గైడు వెంట నడిచే వాళ్లు నెలనెలా తిరుగుతున్న అడవిలో దొంగచాటు పనులకు సందు తగ్గుతుంది.

ప్రమాదాల మాట కూడా చెప్పుకోవాలి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఎండిన గడ్డి, ఎదురుగాలి, తప్పించుకునే దారి తెలియని కొత్తవాళ్లు. వెలిగొండల మెట్ట అడవికీ మార్చి నుంచి అదే గండం. తమిళనాడు ఆ దుర్ఘటన తర్వాత నియమాలు తెచ్చింది. 2024 అక్టోబరులో నలభై దారులను ప్రకటించి, స్థానిక యువకులకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి, ఆన్‌లైన్‌లో బుకింగ్ పెట్టింది. చనిపోయినవాళ్ల పేరు చెప్పి కొండలన్నిటికీ తాళం వేసి ఊరుకోలేదు. పక్క రాష్ట్రం చేసిన పని మనకు చేతకానిదేమీ కాదు.

ఇక్కడ గైడ్లకు కరువా? అడవిలో వేరూ ఆకూ ఎరిగిన యానాదులున్నారు. దుర్గం కొండల కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఉదయగిరి మహిళలున్నారు. ఆ చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నర్ది, బిక్కి, కల్ది, పాలబరక అంటూ ఏ కర్ర దేనికి పనికొస్తుందో వాళ్లు చేత్తో తడిమి చెప్పగలరు. ఫోర్కు పళ్లు విరగకుండా సన్నగా తీయాలంటే కర్ర ఈనె ఎటు పోతోందో చూసుకుంటూ ఉలి నడపాలి. కొండ ఎక్కడానికి వచ్చినవాళ్లు ఆ పని చూడ్డానికి ఒక పూట ఆగితే, కొన్న గరిటె డబ్బు మధ్యవర్తుల దాకా పోకుండా ఆ చేతికే అందుతుంది. వానలు ముఖం చాటేస్తే వలస తప్పని మెట్ట మండలాలకు ఇది చిన్న సాయం కాదు.

నెల్లూరు జిల్లా పర్వతారోహణకు కొత్తదేమీ కాదు. ఆత్మకూరుకు దాపునే ఉన్న సంగం మండలం గాంధీజనసంగం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్‌తో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలోని దెనాలితో ముగించాడు. ఏడు శిఖరాలనూ వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో అందుకున్నాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ కనబడకుండా పోయాడు. ఏప్రిల్‌లో మృతదేహం దొరికింది. ప్రభుత్వ లాంఛనాలతో సొంత ఊళ్లోనే అంత్యక్రియలు జరిగాయి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకునేటప్పుడు ఆయనకు కొండల మీద మనసు మళ్లింది, ఆ బడి పూర్వ విద్యార్థి ఉదయభాస్కర రావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయిన కథ వల్లే. అంటే పిల్లల మనసులో కొండ పడాలంటే దాన్ని చూపించే బడి ఒకటి కావాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసి చూపింది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు భువనగిరి ఏకశిల మీద తాడు పట్టడం నేర్పించి, డార్జిలింగ్‌కు పంపింది. వాళ్లలో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరికి ఉన్న రాయి ఉదయగిరికీ ఉంది, ఇంకా పెద్దది.

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకపట్టాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ కొండలు నడకకు అనువుగా ఉంటాయి. ఆ మూడు నెలలే తెరవాలి, ఎండలు ముదరకముందే మూసేయాలి. మొదటి దశలో దుర్గం వరకు ఒకరోజు దారి చాలు. తాగునీటి చోట్లు గుర్తించాలి, పాత మెట్లను కదిలించకుండా గుర్తులు వేయాలి, కోట గోడల దగ్గర పురావస్తు శాఖ మనిషి ఒకరు ఉండాలి. దుర్గం బాట మీద మొదటి జట్టుగా ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వ పాఠశాలల పిల్లలనే పంపించాలి, రుసుము లేకుండా, మస్తాన్ బాబు పేరు మీద.