తొక్కు పెట్టుడు ఎవరు నేర్పాలె?

మిరుగం వచ్చేసింది. చల్‌గల్ మార్కెట్‌లో మామిడి లారీల సందడి తగ్గింది. జగిత్యాల తోటల కాయ ఢిల్లీ దాకా పోయి అమ్ముడైంది. అదే జగిత్యాలలో కిరాణా కొట్టుకు పోతే, ఎక్కడో తయారై వచ్చిన మామిడి తొక్కు సీసాలు వరుసగా కనిపిస్తాయి. కోరుట్ల, మెట్‌పల్లి చేన్లలో పండిన పసుపు నిజామాబాద్ యార్డుకు పోతుంది, కోరుట్ల వంటింట్లోకి మాత్రం పసుపు పొడి పాకెట్‌లో వస్తుంది. సిరిసిల్లలో సాంచె నడిపే ఇంట్లో కూరగాయ అంటే సంచి పట్టుకుపోయి కొనుక్కొచ్చేదే. పంట మన దగ్గరే ఉంది. దాన్ని ఏడాది పొడుగునా ఇంట్లో నిలబెట్టుకునే విద్య చేజారిపోతున్నది.

ఈ ముచ్చట ఎత్తినప్పుడల్లా నేరం ఒకరి మీదికే పోతుంది. "ఈ కాలం కోడళ్లకు ఏం చాతనైతది? అన్నీ కొనుడే" అంటారు. బస్సులో అంటారు, పెండ్లి పందిట్లో అంటారు, మహిళా సంఘం మీటింగులోనూ అంటారు. నాకు ఈ మాట మీద అభ్యంతరం ఉంది. తొక్కు పెట్టడం, ఒరుగులు ఎండబెట్టడం, గింజ దాయడం ఎవరికీ పుట్టుకతో రావు. ఒకప్పుడు అత్త పక్కన కోడలు కూర్చుని నాలుగైదు ఎండాకాలాలు చూస్తే వచ్చేవి. ఆ కూర్చునే తీరిక పోయింది, పెరడు పోయింది, ఒక్క పొయ్యి మీద వండుకునే ఉమ్మడి ఇల్లు పోయింది. విద్య ఒక్కటే ఎట్లా మిగులుతుంది? నేర్పే పనిని ఇంక అత్తల మీద వదిలెయ్యడం మానుకుని ఊరే ఎత్తుకోవాలన్నది నా వాదన.

ఎందుకు పోయిందో ముందు సరిగ్గా చూడాలి. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో మగవాళ్లు దుబాయి, సౌదీ, మస్కట్ పోవడం రెండు తరాల నుంచి నడుస్తున్నది. ఇంటి బరువు మీద పడ్డ ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. మామిడికాయలు తుడుస్తూ కూర్చున్న గంటసేపు ఆ వెయ్యిలో కోత పడుతుంది. సిరిసిల్లలో కండెలు చుట్టే ఆడవాళ్లదీ ఇదే లెక్క. పైగా చాలామందివి కిరాయి గదులు, పెరడన్న మాటే లేదు. ఈ ఇండ్లకు పోయి "మా అమ్మ కాలంలో" అని మొదలుపెడితే ఎవరైనా ఎందుకు వింటారు?

దీనికి తోడు కోతులు. పట్నం వాళ్లకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. పెంకుటిండ్లు పోయి స్లాబులు పడ్డప్పుడు ఒరుగులు ఎండబెట్టుకోవడానికి మంచి జాగ దొరికిందనుకున్నాం. ఆ స్లాబు మీదికి మనకంటే ముందు కోతులు ఎక్కాయి. బీరపాదు పిందె పట్టడమే ఆలస్యం, తెంపి పారేస్తాయి. వడియాలు పెట్టి దిగేలోపు చీర సహా గుంజుకుపోతాయి. ప్రభుత్వం 2020లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచింది. అడవుల్లో పండ్లచెట్లు పెంచి వాటిని అటు మళ్లిస్తామన్నది. అయినా మన ఊళ్లలో కోతులు మన ఊళ్లలోనే ఉన్నాయి. పెరటి సాగు గురించి పాఠం చెప్పేవాళ్లు కోతి మాట ఎత్తకపోతే ఆ పాఠం మన ఊళ్లకు పనికిరాదు.

ఇక నేర్పవలసింది ఏమిటి? తొక్కు పెట్టే పనినే దగ్గరగా చూడండి. కాయ కడిగి, పొడి బట్టతో తుడిచి, కొట్టించి, జీడి తీసేసి, ముక్కను మళ్లీ తుడుస్తారు. ఆ రెండోసారి తుడవడాన్ని చాదస్తం అనుకుంటే నెలకే బూజు పలకరిస్తుంది. దొడ్డుప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ ఉప్పులో, మామిడి పులుపులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు బతుకు లేదు. కారం, మెంతిపొడి, ఆవపొడి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద కలిపాక పోపు నూనె చల్లారనిచ్చి పోస్తారు. మూడోనాడు అడుగు నుంచి కలిపి చూస్తే, నూనె ముక్కల మీదికి తేలి ఉండాలి. తేలకపోతే ఇంకొంచెం కాచి, చల్లార్చి పోయాలి. పైన నిలిచిన నూనె గాలిని లోపలికి రానివ్వదు. ఇందులో ఉత్త ఆచారమని తీసిపారేసేది ఒక్కటీ లేదు. అవ్వకు అది చేతి లెక్కగా తెలుసు, ఎందుకో చెప్పమంటే "అట్లనే చెయ్యాలె" అంటుంది. ఇవాళ నేర్చుకునే పిల్లకు ఆ "ఎందుకు" కూడా చెప్పాలి.

ఎందుకు చెప్పాలంటే, కారణం తెలియని చెయ్యి తప్పు చోట ధైర్యం చేస్తుంది. మామిడి, చింత, నిమ్మ పులుపు ఉన్నవి కాబట్టి నిలుస్తాయి. పులుపు లేని మాంసాన్నో, ఉత్త ఎల్లిగడ్డనో నూనెలో ముంచి నెలల తరబడి బయట ఉంచితే సంగతి వేరు. గాలి తగలని, పులుపు లేని చోటే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును పుట్టించే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఆమ్లత కొలతలో పీహెచ్ 4.6 కంటే దిగువన ఉంటే దానికి ఎదుగుదల లేదు. ఇంట్లో చికెన్ తొక్కు పెట్టి ఫోన్లలో ఆర్డర్లు తీసుకుని అమ్ముతున్న ఈ రోజుల్లో ఇది ప్రతి వంటింటికీ తెలియాల్సిన విషయం. అత్త దగ్గర ఇది దొరకదు. అవ్వ చెయ్యీ శాస్త్రవేత్త మాటా ఒక్క చోట కూర్చోవాలనేది ఇందుకే.

ఒరుగులదీ అంతే. గోకరకాయను ఉప్పునీళ్లలో ఒక్క ఉడుకు రానిచ్చి ఆరబెడితే రంగు నిలుస్తుంది, తర్వాత కూర తొందరగా ఉడుకుతుంది. కాకర చక్రాలకు ఉప్పు, పసుపు పట్టిస్తారు. పొద్దుగూకేలోపు లోపలికి తేవాలి, లేకుంటే రాత్రి మంచు మళ్లీ తడిపేస్తుంది. వంచితే టక్కున విరిగితే ఎండినట్టు. సాగితే ఇంకో రెండెండలు కావాలి. టమాటా సంగతి చూడండి. ఎండాకాలం ముందర రైతు కోత కూలి కూడా రాక చేన్లోనే వదిలేసే టమాటా, 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటింది. ధర పడిపోయిన నెలలో నాలుగు కిలోలు ఎండబెట్టుకున్న ఇల్లు అట్లాంటి జులైని ఓపిగ్గా దాటేస్తుంది. గాలివానకు రాలిన మామిడికాయదీ ఇదే కథ. జగిత్యాలలో దాన్ని అడ్డికి పావుసేరుకు అమ్ముకుంటాం. పక్కనే నిజామాబాద్ యార్డులో ఎండిన మామిడి ముక్క ఆమ్‌చూర్‌గా ఉత్తరాదికి పోతుంది.

ఇంటి విద్యను ఇంటి బయట నేర్పిన ఊళ్లు ఉన్నాయి. 1910లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, ఐకెన్ ప్రాంతంలో మేరీ క్రోమర్ అనే పల్లె బడి పంతులమ్మ ఆడపిల్లలతో టమాటా సంఘం పెట్టింది. ఒక్కో పిల్లకు ఎకరంలో పదో వంతు నేల. పండించాలి, డబ్బాల్లో నిలవ చెయ్యాలి, మిగిలింది అమ్మి ఆ డబ్బు తానే ఉంచుకోవాలి. అట్లాంటి సంఘాలు ఊరూరా లేచాయి. 1914లో ఆ దేశం వ్యవసాయ విస్తరణ సేవకు చట్టం చేసినప్పుడు పొలం పనితో పాటు ఇంటి పని నేర్పడం కూడా అందులో చేరింది. మన దగ్గర జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువగా దళిత మహిళలు, పాత పంటల గింజలను బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాచి, ఊళ్లో అడిగినవాళ్లకు ఇస్తారు. పంట వచ్చాక తీసుకున్నదానికి మించి తిరిగివ్వాలి. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. ఆ ఆడవాళ్లు ఏటా పాత పంటల జాతర చేస్తూ ఊరూరా తిరిగి నేర్పుతారు. జొన్న, కొర్ర గింజలకు పనికొచ్చిన పద్ధతి బీర, చిక్కుడు, పుంటికూర గింజలకు పనికిరాదా?

మనకు కొత్తగా కట్టవలసిన భవనం ఏదీ లేదు. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది. జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ వరి రకాలు అక్కడి నుంచే వచ్చాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. వనరాజ, గ్రామప్రియ లాంటి పెరటికోళ్లను ఎట్లా సాకాలో చెప్పడానికి అంతకంటే దగ్గర ఎవరున్నారు? సిరిసిల్లకు వ్యవసాయ కళాశాల వచ్చింది. రాష్ట్రమంతా 2,601 రైతు వేదికలు కట్టారు. చాలా రోజులు అవి తాళం వేసే ఉంటాయి. ప్రతి పంచాయతీకి నర్సరీ ఉంది, అందులో రోడ్డు పక్క నాటే చెట్లు తప్ప మునగ, కరివేపాకు, మిర్చి నారు అరుదు. పల్లెల్లో మహిళా సంఘాలు, పట్టణాల్లో మెప్మా సంఘాలు నెలనెలా కూర్చుంటాయి, అప్పు కిస్తీ లెక్క తప్ప వేరే పని జరగదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. నెలకు ఒక పూట రైతు వేదిక తాళం ఈ పనికి తియ్యాలి. ఎండాకాలంలో ఒరుగులు, తొక్కులు. మిరుగానికి ముందు గింజ, నారు. చలికాలంలో ఆకుకూర మడి. నేర్పేది ఊళ్లో చెయ్యి తిరిగిన అవ్వ, పక్కన పొలాస నుంచో కళాశాల నుంచో ఒక్కరు. అవ్వకు ఆ పూట కూలి కట్టివ్వాలి, నేర్చుకోవడానికి వచ్చిన బీడీ కార్మికురాలికీ ఇవ్వాలి. ఉచితంగా చెప్పించుకుంటాం కాబట్టే ఈ విద్యకు విలువ లేకుండా పోయింది. పంచాయతీ నర్సరీ మిరుగం నాటికి ఇంటికి పది కూరగాయ మొక్కలు ఇవ్వాలి. గింజ మళ్లీ వాడుకునేలా దేశవాళీ రకాలే ఇవ్వాలి. సంకర రకం కాయలో గింజ దాచి మళ్లీ నాటితే తల్లిలాంటి కాయ రాదు, ఇది కూడా పాఠంలో భాగమే. కోతుల కోసం వల వేసిన ఎండబెట్టే పెట్టె సంఘానికి ఒకటి ఉంటే పదిళ్లు వంతులవారీగా వాడుకోవచ్చు. పసుపు, అల్లం, చామ, కాకర లాంటి కోతులు పెద్దగా ముట్టనివాటితో మొదలుపెట్టొచ్చు. సిరిసిల్ల కిరాయి ఇండ్లకు మునిసిపాలిటీ ఖాళీ జాగల్లో ఒక్కో మడి పంచాలి.

ఇంకొకటి, ఈ తరగతికి మగవాళ్లను పిలవాలి. ఏండ్ల తరబడి దుబాయి గదుల్లో వంతులు వేసుకుని వండుకున్నవాళ్లు తిరిగొచ్చాక వంటింటి గడప తొక్కకపోవడం నాకు ఎప్పుడూ వింతే. పప్పు, అన్నం, కోడికూర వాళ్లకు బాగానే వచ్చు. కందిచేను కావలి కాసిన చెయ్యి ఒరుగులకు కావలి కాయలేదా?

ఎదురుమాట ఉంది. "మార్కెట్‌లో చవకగా దొరికేదానికి ఇంత హంగామా ఎందుకు?" కొంత నిజమే. పది గజాల పెరడు కుటుంబం కడుపు నింపదు, నింపుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. తొక్కు కూడా ఎక్కువ తినేది కాదు. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది, బీపీ ఇండ్లలో ఆ సంగతి చెప్పి తీరాలి. కానీ హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పినట్టు రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు తినాలంటే, బీడీ కూలి మీద బతికే ఇంటికి మార్కెట్ ఒక్కటే దారి అయితే కుదరదు. గడప ముందు రెండు పుంటికూర మొక్కలు, గోడమీద ఒక చిక్కుడు తీగ, బకెట్లో పది మిర్చి మొక్కలు ఆ లెక్కలో కొంతైనా పూడుస్తాయి. అంతకంటే పెద్ద లాభం, ధర మనల్ని ఆడించడం కాస్త తగ్గుతుంది.

వచ్చే గ్రామసభలో రోడ్డు, డ్రైనేజీ, లైట్లతో పాటు ఈ ప్రశ్న కూడా ఎవరైనా లేచి అడగాలి: మన రైతు వేదిక తాళం ఎవరి దగ్గర ఉంది, వచ్చే నెల ఏ పూట తీస్తారు, అవ్వ కూలి ఏ పద్దులో రాస్తారు? మూడింటికీ జవాబు చెప్పడం పంచాయతీకి కష్టం కాదు. చెప్పలేకపోతే, కోడళ్లను తిట్టడం మాత్రం ఇంక మానెయ్యాలి.