ముప్పదియొకటవ కార్డు

సెల్‌ఫోనులలో ఆడు కార్డుల ఆటను గూర్చి మన పాఠశాల సంచికలో వ్రాయుట కొందఱు పెద్దలకు వింతగా తోచవచ్చును. పేక యన్న మాట వినగానే ముఖము చిట్లించుకొనుట మన యిండ్లలో అలవాటు. ఆ అలవాటు నిష్కారణమైనది కాదు. పందెము కట్టి ఆడు రమ్మీ సెల్‌ఫోనులలోనికి వచ్చి కుటుంబములను అప్పులపాలు చేయుచుండగా చూచియే తెలంగాణ ప్రభుత్వము 2017వ సంవత్సరమునను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020వ సంవత్సరమునను దానిని నిషేధించినవి. నేనిచట చెప్పబోవునది ఆ ఆట కాదు. ఇది పందెము లేనిది. ఆటగాడు తన కార్డులను తానే యేర్చి, కట్టగా కూర్చుకొని ఆడునది. కట్టను కూర్చుట మంచి విద్యయనియు, క్రొత్త కార్డు వెంట పఱుగెత్తుట చెడ్డ అలవాటనియు నా అభిప్రాయము. ఈ రెంటికిని గల భేదము తెలియకపోవుటచేత పిల్లలు డబ్బు పోగొట్టుకొనుచున్నారు. పెద్దలు రెంటిని ఒక్కటిగానే నిందించుచున్నారు.

ఈ జాతి ఆటలకు మూలపురుషుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశపు గణితశాస్త్రజ్ఞుడు. ఆయన కల్పించిన మ్యాజిక్ అను ఆట 1993వ సంవత్సరమున అచ్చు కార్డులతో వెలువడెను. మామూలు పేకలో 52 ముక్కలు అందఱికిని ఉమ్మడి. ఆయన ఆటలో మాత్రము ఆటగాడు తనకుగల వందలకొలది కార్డులనుండి కొన్నిటిని ఏరి తెచ్చుకొనును. కావున ఆటలో సగము బల్లయొద్ద కూర్చుండకమునుపే జరిగిపోవుచున్నది. ఆ పద్ధతిని సులభపఱచి బ్లిజర్డ్ అను సంస్థ 2014వ సంవత్సరమున హార్త్‌స్టోన్ అను ఆటను కంప్యూటరులకు తెచ్చెను. మఱుసటి యేడు అది సెల్‌ఫోనులకును వచ్చెను. నా ఉదాహరణములన్నియు ఆ ఆటలోనివే.

ఎఱుగనివారి కొఱకు నియమములు క్లుప్తముగా చెప్పెదను. కట్టలో 30 కార్డులుండవలెను. ఒకే కార్డు రెండింటికి మించి యుండరాదు. లెజెండరీ యనబడు అరుదైన కార్డైనచో ఒక్కటే. ఆటగానికి మొదటి వంతున ఒక మానా, రెండవ వంతున రెండు, ఇట్లు పెరుగుచు 10 వఱకు వచ్చును. ఈ మానాయే ఆ ఆటలోని ధనము. ప్రతి కార్డుమీదను దాని వెల యుండును. భటుల కార్డులమీద వెలతోపాటు దెబ్బ యెంతయో ప్రాణమెంతయో తెలుపు రెండంకెలుండును. ఎదుటి నాయకునికి గల 30 ప్రాణములను ముందుగా తీసినవాడు గెలిచినవాడు.

క్రొత్త కార్డు కనబడగానే అనుభవశాలులు వేయు లెక్క యొకటి కలదు. ఏ విశేషమును లేని భటునికి దెబ్బను ప్రాణమును కలిపినచో, వెలను రెట్టించి ఒకటి చేర్చినంత యుండవలెను. 4 మానాల చిల్‌విండ్ యెటికి దెబ్బ 4, ప్రాణము 5, మొత్తము 9. 6 మానాల బౌల్డర్‌ఫిస్ట్ ఓగ్రెకు 6, 7, మొత్తము 13. లెక్క సరిపోయినది. 7 మానాల వార్ గోలెమ్‌కు 7, 7. అనగా 15 ఉండవలసినచోట 14 మాత్రమే. అది ఒక పాలు తక్కువ సరకు. ఈ లెక్క మంచిదే. సంతలో ఎద్దును కొనువాడు ముందుగా పండ్లు చూచినట్టిది. కాని ఇంట నున్న ఏ యెద్దుతో దానిని జత కట్టవలయునో కూడ అతడు తలపోయవలెను గదా! ఎంత బలముగల యెద్దైనను సరిజోడు కాకున్నచో నాగటిచాలు వంకరపోవును.

మన పిల్లలు మఱచునది ఇదియే. క్రొత్త కార్డును చూచి, ఇది మంచిదా యని యడుగుదురు. అడుగవలసిన ప్రశ్న అది కాదు. 30 కార్డుల కట్టలో ఖాళీ చోటెన్నడును ఉండదు. క్రొత్తగా వచ్చినది 31వ కార్డు. దానిని లోనికి తీసికొనవలెనన్నచో లోపలనున్న దేనినో బయటికి పంపవలెను. కావున, దేనిని తీసివైచి దీనిని పెట్టుదును అనునదియే అసలు ప్రశ్న. ఒకటి రెండు మానాల భటులతో నింపి, త్వరగా గెలువదలచి కూర్చిన కట్ట యొకటి యున్నదనుకొనుడు. అందులో 8 మానాల మహావీరుని చేర్చిన బాలుడు తన కట్టకు బలము చేకూర్చితినని సంతోషించును. ఆ కార్డు మొదటి చేతిలోనే వచ్చెనా, ఏడు వంతులు అది పనికిరాక కూర్చుండును. ఎనిమిదవ వంతు వచ్చునప్పటికి ఆ కట్ట గెలిచియైన నుండవలెను, ఓడియైన నుండవలెను. మహావీరుని తప్పేమియు లేదు. అతడు చేరిన ఇల్లు అతనిది కాదు.

కట్టను పెంచుకొన్నచో చిక్కు తీరునుగదా యని యెవరైన అడుగవచ్చును. 2022వ సంవత్సరమున అట్టి కార్డొకటి వచ్చినది. ప్రిన్స్ రెనథాల్ అను ఆ కార్డును పెట్టుకొన్నవాడు కట్టను 40 కార్డులతో కూర్చవలెను. అందుకు బదులుగా నాయకుని ప్రాణము పెరుగును. చోటు పెరిగిన మాట నిజమే. కాని 30లో ఒకటిగానుండిన మేలైన కార్డు ఇప్పుడు 40లో ఒకటి. అది చేతికి వచ్చుట అంత ఆలస్యము.

ఇక తీర్పులు తలక్రిందులైన ఒక సంగతి చెప్పవలెను. 2014వ సంవత్సరము డిసెంబరు మాసమున గోబ్లిన్స్ వర్సస్ నోమ్స్ అను కార్డుల వరుస వెలువడెను. అది వెలువడకముందే వ్యాఖ్యాతలు ప్రతి కార్డునకును మార్కులు వేసిరి. 7 మానాల ట్రాగ్జర్ అను కార్డు ఆ వరుసకే మకుటమని పలువురు పొగడిరి. ఎదుటివాడు మంత్రపు కార్డు వేసినప్పుడెల్ల ట్రాగ్జర్‌కు తోడుగా దెబ్బ 3, ప్రాణము 5 గల భటుడొకడు ఉచితముగా వచ్చును. వినుటకు భయంకరముగానే యున్నది. అదే వెలగల డాక్టర్ బూమ్‌ను చూచి మాత్రము పలువురు పెదవి విఱిచిరి. దానికిని దెబ్బ 7, ప్రాణము 7. వార్ గోలెమ్‌కు తమ్ముడువలె కనబడెను. అది తనతో రెండు బాంబుబొమ్మలను తెచ్చును. ఒక్కొక్క బొమ్మకు దెబ్బ 1, ప్రాణము 1. బొమ్మ చచ్చునప్పుడు ఎదుటి పక్షములో ఎవరికో ఒకరికి 1 మొదలు 4 వఱకు దెబ్బ తగులును. ఎవరికి తగులునో తెలియని దెబ్బను నమ్ముట యెట్లని ఒక ఆక్షేపణ. దెబ్బ 7గాని అంతకు మించిగాని గల భటుని ఒక్కసారిగా చంపు బిగ్ గేమ్ హంటర్ అను కార్డు ఆనాడు 3 మానాలకే దొరకుచుండెను; 7 మానాల భటుని దానికి బలి యిత్తుమా యని మఱియొక ఆక్షేపణ.

ఆట మొదలైన కొలది కాలమునకే ట్రాగ్జర్ మూలపడెను. డాక్టర్ బూమ్ ఇంచుమించు అందఱు నాయకుల కట్టలలోను చేరెను. కారణము విచారింపుడు. ట్రాగ్జర్ బలము ఎదుటివాని చేతిలో నున్నది. వాడు మంత్రము వేయక తన భటులతోనే దానిని చంపినచో అది వట్టి భటుడే. డాక్టర్ బూమ్ అట్లు గాక, బల్లమీదికి వచ్చిన క్షణముననే తన పని సగము ముగించుకొనును. హంటర్ వచ్చి పెద్దవానిని చంపినను రెండు బొమ్మలును మిగిలియే యుండును. మూడింటి దెబ్బలను ప్రాణములను కూడుడు: 14, మఱి నాలుగు, మొత్తము 18. ఉండవలసినది 15. ఈ కూడిక రెండవ తరగతి బాలుడును చేయగలడు. పేరుపడిన వ్యాఖ్యాతలు దీనిని చేయకపోలేదు. కొమ్ములు చూచి భయపడి కాళ్లు చూడలేదు, అంతియే. పైగా ఆ కార్డు తోడుగా మఱియే కార్డును కోరదు. ఎవరి కట్టలోనైనను ఏదో యొక పెద్ద కార్డును తీసివైచి దీనిని పెట్టవచ్చును.

దీనికి పూర్తిగా వేఱైనది 2015వ సంవత్సరము నవంబరులో వచ్చిన రెనో జాక్సన్. వెల 6, దెబ్బ 4, ప్రాణము 6. లెక్క ప్రకారము 13 ఉండవలసినచోట 10. విడిగా చూచినచో పాఱవేయదగినది. కాని దానిని వేయునప్పుడు కట్టలో ఏ కార్డును రెండేసి లేకున్నచో, నాయకుని ప్రాణము పూర్తిగా నిండును! ఒక్క ప్రాణముతో కొట్టుమిట్టాడువాడు 30 ప్రాణములతో లేచి కూర్చుండును. ఇట్టిదానిని వదలుకొను మూర్ఖుడెవడని యందురేమో, దాని అసలు వెలను చూడుడు. రెండవవానిగా ఆడు ఆటగాడు మొదటి చేతిని మార్చుకొననిచో ఆఱవ వంతునకు 10 కార్డులు చూచియుండును. కట్టలో రెండున్న కార్డు ఆ పదింటిలో ఒక్క మాఱైనను వచ్చుటకు నూటికి 56 పాళ్లు అవకాశము. ఒక్కటే యున్నచో 33 పాళ్లు మాత్రమే. రెనోను పెట్టుకొన్నవాడు తన మంచి కార్డులన్నిటి విషయమునను ఈ నష్టమును సహింపవలెను. దాని వెల దానిమీద గాక తక్కిన 29 కార్డులమీద వ్రాయబడియున్నది. ఆ రెనోయైనను ఆఱవ వంతునకు మూడింట ఒక మాఱే గదా చేతికి వచ్చునది!

ఐనను ఆ కార్డుకు తగిన ఇల్లొకటి దొరకినది. వార్‌లాక్ అను నాయకుడు ప్రతి వంతునను 2 మానాలును తన ప్రాణములలో రెండును వెచ్చించి అదనముగా ఒక కార్డు తీసికొనగలడు. అట్లు తీసికొన్నకొలది రెనో త్వరగా చేతికి వచ్చును. తీసికొనుటవలన పోయిన ప్రాణమును ఆ రెనోయే నింపును. రెనోలాక్ అను పేర ఆ కట్ట ప్రసిద్ధికెక్కెను. మఱియొక సూక్ష్మము గలదు. ఆనాడు ఆ కార్డు పరీక్షించినది మిగిలియున్న కట్టనేగాని మొదట కూర్చిన కట్టను కాదు. కావున ఒకటి రెండు జతలను ధైర్యముగా ఉంచుకొని, అవి చేతికి వచ్చినవో లేదో లెక్కపెట్టుచు ఆడిన నేర్పరులును కలరు. కార్డుమీది వాక్యమును వ్యాకరణసూత్రమువలె చదువువానికే ఇట్టివి కనబడును.

తలిదండ్రులకు తెలియవలసినది డబ్బు సంగతి. హార్త్‌స్టోన్‌లో కార్డులను ప్యాకెట్టులుగా అమ్ముదురు. ప్యాకెట్టునకు 5 కార్డులు. వానిలో ఒకటి రేర్ అను మెట్టునకు తగ్గదని మాత్రము హామీ. ఏవి వచ్చునో విప్పువఱకు తెలియదు. ఆటలో గెలుచుకొన్న బంగారముతోను వీనిని కొనవచ్చును, అసలు డబ్బుతోను కొనవచ్చును. పందెము లేకున్నను ఇందు జూదపు వాసన కలదు. లోనున్నది తెలియని ఇట్టి పెట్టెలను డబ్బునకు అమ్ముట జూదమేయని బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము 2018వ సంవత్సరమున కొన్ని యితర ఆటల విషయమున తీర్మానించినది. కోరిన లెజెండరీని చేసికొనుటకు మార్గము లేకపోలేదు. దానికి 1600 పాళ్ల ధూళి కావలెను. ఉన్న లెజెండరీని పొడిచేసినచో వచ్చునది 400. అనగా ఒకదానికై నాలుగింటిని నాశనము చేయవలెను. అట్లు చేసికొన్నదైనను శాశ్వతము కాదు. 2016వ సంవత్సరము ఏప్రిలులో స్టాండర్డ్ అను పోటీ పద్ధతి యేర్పడి, పాత వరుసలను అందులోనికి రానీయనందున, అంతటి డాక్టర్ బూమ్‌కు నాడు ఆ వాకిలి మూయబడెను.

ముందస్తు అమ్మకములు జరుగునది కార్డులు వెలువడకముందే. మార్కులు వేయు వీడియోలు వచ్చునదియు అప్పుడే. ఎవరును ఒక్క ఆటయైనను ఆడని కార్డును గూర్చి అంత గట్టిగా చెప్పువారి మాట నమ్మి తండ్రి డబ్బును ఖర్చుచేయుట వివేకమా? గోపురము కట్టదలచి వ్యయమును ముందు లెక్కింపని మనుష్యుని ఉపమానమును మన ప్రార్థనాసమావేశములలో విననివారు లేరు. క్రొత్త వరుస వచ్చిన మొదటి రెండు వారములు ఏమియు కొనరాదు, ధూళిని ముట్టరాదు అని నేనందును. అప్పటికి ఇతరుల అనుభవము ఉచితముగానే తెలియవచ్చును.

గెలిచినవారి కట్టలను ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసికొనుట తప్పు కాదు. చేతివ్రాత నేర్చువాడు మేలుబంతిని చూచియే దిద్దును. కాని ఆ 30లో ప్రతి కార్డును ఎందుకున్నదో చెప్పలేనివాడు క్రొత్త కార్డు వచ్చిననాడు దేనిని తీయవలెనో యెట్లు ఎఱుగును? కొందఱు 20 ఆటలాడి 12 గెలిచి, క్రొత్త కార్డు మహిమయని చాటుచున్నారు. బలమున సరిసమానములైన రెండు కట్టల నడుమనైనను 20 ఆటలలో 12గాని అంతకు మించిగాని గెలుచుట నాలుగింట ఒక మాఱు కేవలము అదృష్టమువలననే జరుగును. 100 ఆటలలో 60 గెలిచినచో, అప్పుడు వినదగిన మాట. అట్లు అదృష్టమువలన జరుగుట నూటికి మూడు మాఱులే.

ఈ విద్యను నేర్చుటకు సెల్‌ఫోను అక్కఱలేదు, ప్యాకెట్టులును అక్కఱలేదు. వసతిగృహపు బాలురు నలుగురు కూడి, పాత క్యాలెండరు అట్టతో 30 చీట్లు కత్తిరించి, ఒక్కొక్కదానిమీద ఒక కార్డు పేరును వెలను వ్రాయుడు. బాగుగా కలిపి మూడు చీట్లు తీసికొని, పిమ్మట వంతునకొకటి చొప్పున తీయుచు, ఏ వంతున ఎన్ని మానాలు వృథాయైనవో పట్టిక వేయుడు. ఒక్కొక్కరు పదేసి మాఱులు చేసినచో నలువది పట్టికలగును. తరువాత 31వ చీటి వ్రాసి, తీసివేయదలచిన చీటిని ప్రక్కన పెట్టి, మరల నలువది మాఱులు చేయుడు. ఒక ఆదివారపు సాయంకాలము ఇందుకు చాలును. తీసివేయుటకు ఏ చీటియు మనసొప్పనిచో క్రొత్త చీటినే అట్టలో దాచియుంచుడు.