మాటల పుట్టుక: కాటా వెయ్యి

పిల్లలూ! చిత్తూరు బెల్లం మండీలో సరుకు తూచేటప్పుడు "కాటా వెయ్యి" అంటారు. ఇంగ్లీషులో తూచడాన్ని "వెయ్" అంటారు. ఆ మాటను డబ్ల్యు, ఇ, ఐ, జి, హెచ్ అనే అయిదు అక్షరాలతో రాస్తారు. రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. రెండూ తూకం దగ్గరే వినిపిస్తాయి. అయితే ఇవి చుట్టాలేనా?

కానే కావు! మన "వెయ్యి"కి తూకంతో పని లేదు. తలుపు వెయ్యి, ముగ్గు వెయ్యి, అన్నం వెయ్యి అన్నప్పుడు వచ్చే మాటే అది. పోలిక వట్టి కాకతాళీయం.

మరి ఇంగ్లీషు మాటకు అసలు చుట్టం ఎవరు? వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషువారు దానిని "వెగన్" అనేవారు. మోయడం, మోసుకుపోవడం అని అర్థం. మోయాలంటే ముందు ఎత్తాలి; ఎత్తితే బరువెంతో తెలుస్తుంది. అలా మోయడం కాస్తా ఎత్తడమూ, ఎత్తడం కాస్తా తూచడమూ అయింది. ఓడ బయలుదేరేటప్పుడు లంగరు పైకెత్తడాన్ని ఇంగ్లీషు నావికులు ఈనాటికీ ఈ మాటతోనే చెబుతారు. అక్కడ తూచేది ఏమీ లేదు!

ఇప్పుడు తిరుమలకు వెళ్లుదాం. బ్రహ్మోత్సవాలలో అయిదోనాటి రాత్రి స్వామి గరుడ వాహనం మీద ఊరేగుతాడు. "వాహనం" అంటే మోసేది. సంస్కృతంలో "వహ్" అనే ధాతువు నుంచి అది పుట్టింది. వరుడు వధువును తన ఇంటికి తీసుకుపోయే "వివాహం", వానాకాలంలో స్వర్ణముఖిలో వచ్చే "ప్రవాహం" కూడా అందులోనివే. ఇంగ్లీషు "వెయ్"కు అసలైన చుట్టం ఈ "వహ్"! బళ్లను చెప్పే "వెహికల్", "వాగన్" కూడా ఆ కుటుంబంలోనివే. "వెయ్" రాసేటప్పుడు మీరు పలకకుండా విడిచిపెట్టే జి, హెచ్ అక్షరాలు ఒకప్పుడు పలికిన ధ్వనికి గుర్తు. "వహ్"లోని హకారం దానికి జోడి.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో ఉపన్యసించాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబంలోనిదే.

"అయితే వాహనం, వివాహం అంటున్నాం గనుక తెలుగు కూడా సంస్కృతం నుంచే పుట్టిందన్నమాట!" అంటారేమో. తొందరపడకండి. అవి మనం తెచ్చుకున్న మాటలు. భాష పుట్టుక తెలియాలంటే అంకెల వంటి నిత్యం వాడే మాటలను చూడాలి. సంస్కృతంలో "త్రి", ఇంగ్లీషులో "త్రీ". మనకు "మూడు", కన్నడంలో "మూరు", తమిళంలో "మూన్ఱు". ఎవరు ఎవరికి చుట్టమో మీకే తెలిసిపోయింది కదూ! తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదనీ మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో నిరూపించాడు.

మరి మన సొంత మాట "తూచు" సంగతి? చిత్తూరు వైపు పిల్లలకు తమిళం "తూక్కు" తెలిసే ఉంటుంది. ఎత్తు అని దాని అర్థం. నిఘంటువులో చూస్తే తూచు అనే అర్థం కూడా కనబడుతుంది. మన "తూచు", వాళ్ల "తూక్కు" ఒకే మూలంలోనివి. చూశారా! ఇంగ్లీషువాడి కుటుంబం వేరు, మన కుటుంబం వేరు. అయినా రెండుచోట్లా ఎత్తడం నుంచే తూచడం వచ్చింది. ఏ దేశంలోనైనా బరువు తెలుసుకోవడానికి మనిషికి మొదట దొరికిన కాటా తన చెయ్యే కదా! బాగా ఆలోచించి మాట్లాడడాన్ని వాళ్లు మాటలను "వెయ్" చేయడం అంటారు. మనం "ఆచి తూచి" మాట్లాడడం అంటాం.

కాబట్టి ఒకేలా వినిపించినంత మాత్రాన మాటలు చుట్టాలు కావు. వేరుగా వినిపించినంత మాత్రాన పరాయివీ కావు. తమిళం, కన్నడం తెలిసినవారి చేత ఒకటి నుంచి పది వరకు చెప్పించుకుని, తెలుగు అంకెల పక్కన రాసి చూడండి. ఎన్ని కలిశాయో మీరే తూచి చెప్పండి!