ఆట మనలను గుర్తుంచుకుంటే



వీడియో ఆటలో ఓడిపోతే మీరు ఏమి చేస్తారు? బటన్ నొక్కి మొదటి నుండి ఆరంభిస్తారు. అంతవరకు చేసినదంతా పలక మీది అక్షరాల వలె చెరిగిపోతుంది. అలా చెరగనివ్వని ఆట ఒకటి అమెరికా దేశంలో పుట్టింది. దాని పేరు 'అండర్‌టేల్'. టోబీ ఫాక్స్ అనే యువకుడు కథను, సంగీతాన్ని తానే సమకూర్చి, 2015 సెప్టెంబరు 15వ తేదీన దానిని విడుదల చేశాడు.

నాటకరంగానికి మూడు వైపుల గోడలుంటాయి. ప్రేక్షకుల వైపున కంటికి కనబడని నాలుగవ గోడ ఉన్నదని భావించి, నటులు మనము లేనట్లే నటిస్తారు. ఒక పాత్ర మన వైపు తిరిగి మాట్లాడితే నాలుగవ గోడ పగిలిందంటారు. ఇది తెలుగువారికి క్రొత్త కాదు. బుర్రకథలో హాస్యపు వంత కథకు అడ్డు తగిలి సభను నవ్విస్తాడు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుమ కేతిగాడు, బంగారక్క దూరి పరిహాసాలాడుతారు.

అమెరికాలో కంప్యూటర్ ఆటలు కూడా తొలినాళ్ల నుండే ఆటగానితో మాట్లాడాయి. 1970ల మధ్యకాలంలో విల్ క్రౌథర్ అనే ఆయన, కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహను ఆధారం చేసుకొని, తన కుమార్తెల కొరకు ఒక ఆట వ్రాశాడు. అందులో బొమ్మలు లేవు, మాటలే. 1977లో డాన్ వుడ్స్ దానిని విస్తరింపజేశాడు. ఆటగాడు మరణిస్తే, కథ చెప్పే కంఠమే మరల బ్రతికించమంటావా అని చమత్కారంగా అడుగుతుంది.

అయితే నవ్వించడానికే గోడను పగులగొట్టడం గొప్ప కాదని నా అభిప్రాయం. రెండుసార్లు నవ్వగానే ఆ వింత పాతబడుతుంది. ఆటగాడు తన చేతలకు తానే జవాబు చెప్పుకొనేటట్లు చేసినప్పుడే ఆ ఉపాయానికి విలువ వస్తుంది. అండర్‌టేల్ చేసిన పని అదే.

ఆ కథలో ఒక మానవ బాలిక లేక బాలుడు భూగర్భంలోని వింతప్రాణుల లోకంలో పడిపోతాడు. ఎదురైన ప్రాణిని చంపవచ్చు, దయతో విడిచిపెట్టనూవచ్చు. తల్లి వలె ఆదరించిన టోరియెల్‌ను చంపి, తరువాత మనసు మార్చుకొని వెనుకకు వెళ్లి ఆమెను కాపాడామనుకొనండి. ఫ్లవీ అనే పువ్వు ఎదురై, నీవు ముందు చేసినది నాకు తెలుసునని ఎగతాళి చేస్తుంది! ఇతర ఆటలలో అనుభవానికి గుర్తుగా పెరిగే అంకెలు ఈ ఆటలో మనము చేసిన హింసకు కొలతలని చివరకు తెలుస్తుంది. అందరినీ కాపాడి ఆట ముగించి, మరల తెరిస్తే, అదే పువ్వు వారిని సుఖంగా బ్రతకనిమ్మని, అన్నీ చెరిపివేసి తిరిగి మొదలుపెట్టవద్దని వేడుకొంటుంది.

"బొమ్మకు నొప్పి ఏమిటి, ఆట ఆటే కదా!" అని మీలో కొందరనవచ్చు. నిజమే, బొమ్మకు నొప్పి లేదు. కాని బటన్ నొక్కిన చేయి మనది. ఎవరూ చూడరని, ఏదైనా చెరిపివేయవచ్చని తెలిసినప్పుడు మనము ఏమి చేస్తామో ఆ ఆట మనకే చూపిస్తుంది. తరగతిలో తోటివానిని వెక్కిరించిన మాటకు క్షమాపణ చెప్పవచ్చు, చెప్పవలసినదే. అయినా విన్నవాడు ఆ మాటను మరువడు. నిజ జీవితంలో వెనుకకు వెళ్లే బటన్ లేదు.

మీకు ఇష్టమైన ఆటలోని పాత్ర ఒకటి మీ వైపు తిరిగి, "ఆ పని ఎందుకు చేశావు?" అని అడిగితే ఏమి చెబుతారు? ఆ సంభాషణను తెలుగులో పది వాక్యాలలో వ్రాసి తీసుకొని రండి. తరగతిలో చదువుకుందాం.