నా ఓటు ఎనభైలకే!

క్లాసిక్ సినిమాల మాట వస్తే చాలు, మనవాళ్లు కళ్లు మూసుకుని ‘మాయాబజార్’ అనేస్తారు. అక్కడితో చర్చ క్లోజ్. యాభైలే స్వర్ణయుగం, మిగతా దశాబ్దాలన్నీ దాని వెనకాలే అని తీర్పు కూడా ఇచ్చేస్తారు. ఈ తీర్పు మీద నాకు అభ్యంతరం ఉంది. నా ఓటు ఎనభైలకి. అంటే ‘శంకరాభరణం’ రిలీజైన 1980 నుంచి ‘శివ’ వచ్చిన 1989 దాకా.

తిట్టడానికి తొందరపడకండి. ముందు యాభైలవాళ్ల తరఫున కూడా నేనే వాదిస్తా, అన్యాయం చేయకుండా.

1951లో ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’. 1953లో ‘దేవదాసు’. 1955లో ‘మిస్సమ్మ’, ‘రోజులు మారాయి’. 1957లో ‘మాయాబజార్’. ఏడేళ్లలో ఇన్ని! గ్రాఫిక్స్ అన్న మాటే లేని రోజుల్లో మార్కస్ బార్ట్లీ కెమెరాతో చేసిన మాయలు చూసి ఇప్పటికీ నోరు తెరుస్తాం. ‘మిస్సమ్మ’ కథే తీసుకోండి. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాల్లా నటించే ఇద్దరు నిరుద్యోగులు. అబ్బాయి హిందువు, అమ్మాయి క్రైస్తవుల ఇంట్లో పెరిగింది. ఈరోజు వెబ్ సిరీస్‌గా తీసినా పాతబడిన కథలా అనిపించదు.

ఇదంతా గాలివాటంగా జరగలేదు. మద్రాసులో విజయా సంస్థ ఉండేది. నాగిరెడ్డి, చక్రపాణి లాంటి నిర్మాతలు, చేతిలో వాహినీ స్టూడియో, కె.వి.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్ లాంటి దర్శకులు, పింగళి నాగేంద్రరావు లాంటి రచయిత. ఒక సినిమాకి కుదిరిన టీమ్ తర్వాతి సినిమాకీ కలిసి కూర్చునేది. ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’ లాంటివి తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. అంటే యాభైల్లో మంచి సినిమా తీయడానికి ఒక వ్యవస్థే ఉండేది. ఆ గొప్పతనాన్ని నేను కాదనడం లేదు.

మరి ఎనభైలు? ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ దశాబ్దం అనగానే చాలామందికి గుర్తొచ్చేది బిందెల మధ్య స్టెప్పులు, తెల్ల ప్యాంట్లు, విలన్ డెన్‌లో క్లైమాక్స్ ఫైట్లు. ఫార్ములా రాజ్యమేలిన కాలం. మంచి సినిమా కోసం ఎవరూ కర్చీఫ్ వేసి సీటు ఆపలేదు. అయినా వచ్చాయి. నా పాయింట్ అదే.

‘శంకరాభరణం’ చూడండి. కథానాయకుడు నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్ర వేసిన జె.వి.సోమయాజులు స్టార్ కాదు. నాటకాలు ఆడుతూ డిప్యూటీ కలెక్టర్‌గా ఉద్యోగం చేస్తున్న మనిషి. ఫైట్లు లేవు. ఉన్నదల్లా శాస్త్రీయ సంగీతం. ఈ కథ చెబితే ఏ నిర్మాతైనా కాఫీ ఇచ్చి పంపించేస్తాడు. ఏడిద నాగేశ్వరరావు మాత్రం డబ్బు పెట్టారు, విశ్వనాథ్ తీశారు. జనం చూశారు. పక్క రాష్ట్రాల్లోనూ చూశారు.

అదే జంట 1983లో ‘సాగరసంగమం’ తీసింది. గెలవని డాన్సర్ కథ అది. తాగి, బావి గట్టు మీద నాట్యం చేసే హీరో! సంగీతానికి ఇళయరాజాకి, పాటకి ఎస్పీ బాలుకి జాతీయ అవార్డులు వచ్చాయి. 1986లో ‘స్వాతిముత్యం’. లోకం తెలియని అమాయకుడు, బిడ్డ ఉన్న వితంతువు మెడలో తాళి కట్టే కథ. మన దేశం తరఫున ఆస్కార్ ఎంట్రీగా వెళ్లింది.

‘అవన్నీ ఏడుపు సినిమాలండీ’ అంటారా? సరే, నవ్వుల దగ్గరికే వద్దాం. 1986లో వంశీ ‘లేడీస్ టైలర్’, 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’. వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే కోట శ్రీనివాసరావు ఇవాళ్టికీ మీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాడు. రాజేంద్రప్రసాద్ లాంటి పక్కింటి కుర్రాడు హీరోగా నిలబడిందీ ఈ దశాబ్దంలోనే.

ఇక 1989 సంగతి వేరే చెప్పాలా? మణిరత్నం ‘గీతాంజలి’లో హీరోకీ హీరోయిన్‌కీ ఇద్దరికీ ప్రాణాంతకమైన జబ్బే. సేఫ్‌గా ఆలోచించేవాడెవడూ ముట్టుకోని కథ. అదే ఏడాది ‘శివ’. అంతకుముందు ఒక్క సినిమా కూడా డైరెక్ట్ చేయని 27 ఏళ్ల రామ్‌గోపాల్ వర్మ, ఒక సైకిల్ చైన్‌తో తెలుగు యాక్షన్ సినిమా దారే మార్చేశాడు.

ఒకే పదేళ్లలో సంగీతం, నాట్యం, కామెడీ, ప్రేమ, గ్యాంగ్‌స్టర్ కథ. ఇంత వెరైటీ ఇంకెక్కడుంది?

అరవైలవాళ్లు ‘గుండమ్మ కథ’, ‘నర్తనశాల’, ‘మూగమనసులు’ తెచ్చి ముందు పెడతారు. డెబ్బైలవాళ్లు ‘ముత్యాలముగ్గు’, ‘మరోచరిత్ర’ అంటారు. పైగా ‘శంకరాభరణం’కి జాతీయ అవార్డు 1979 లెక్కలో వచ్చింది కాబట్టి అది మాదేనని లాక్కోవచ్చు కూడా. తీసుకోండి. మిగిలినవాటితోనే నా కేసు నిలబడుతుంది.

అసలు ఈ గొడవ ఎందుకంటే, ‘స్వర్ణయుగం అయిపోయింది’ అన్న మాట వినడానికి అందంగా ఉంటుంది గానీ, అదొక సాకు. ఆ రోజులు వేరు, ఆ మనుషులు వేరు అనేస్తే ఇవాళ తీసేవాళ్లకీ బాధ్యత ఉండదు, చూసేవాళ్లకీ ఉండదు. ఎనభైలు ఆ సాకుని ఒప్పుకోవు. మార్కెట్ మొత్తం ఒకవైపు పరిగెడుతున్నా, మొండిగా ఇంకోవైపు నడిచిన ఒక దర్శకుడు, నమ్మిన ఒక నిర్మాత, టికెట్ కొన్న జనం చాలని అవి చూపించాయి.

ఆ మూడోది మన చేతిలో ఉంది. ఇప్పుడు మనం మొదటి రోజు కలెక్షన్ల పోస్టర్లు షేర్ చేసుకుని కొట్టుకుంటున్నాం. పక్క స్క్రీన్‌లో స్టార్ లేని చిన్న సినిమా ఒకటి ఆడుతుంటుంది. ‘ఓటీటీలో వచ్చాక చూద్దాంలే’ అంటాం. శని, ఆదివారాల్లో సీట్లు నిండకపోతే సోమవారానికి దాని షోలు తగ్గిపోతాయి. నోటిమాట పాకే టైమే ఉండదు. ‘శంకరాభరణం’ లాంటి సినిమాని నిలబెట్టింది ఆ నోటిమాటే కదా!

అందుకే ఒక పని చేయండి. ఈ వీకెండ్ ‘మిస్సమ్మ’, ‘సాగరసంగమం’ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. వచ్చే శుక్రవారం స్టార్ లేని సినిమా ఏదైనా వస్తే, టాక్ కోసం ఆగకుండా ఒక్క టికెట్ కొనండి. ఆ తర్వాత కూడా యాభైలే గొప్ప అంటే రండి, తీరిగ్గా కొట్టుకుందాం.